తీరరక్షకుల బాట: నైరుతి ఇంగ్లండు తీరపథ చరిత్ర

విహారార్థము సముద్రతీరమున దినముల తరబడి కాలినడకను సంచరించుట ఇంగ్లండు దేశమున నేడు సామాన్యమైన వినోదము. ఆ దేశపు నైరుతి ద్వీపకల్పమును చుట్టి, సోమర్సెట్ మండలమందలి మైన్‌హెడ్ మొదలుకొని డార్సెట్ మండలమందలి పూల్ రేవు వఱకు సాగు తీరపథము 630 మైళ్ల పొడవు గలది. కొండకొనలను విడువక, ప్రతి చిన్న అఖాతములోనికిని దిగి మరల నెక్కుచుండు ఈ మార్గమును ప్రకృతిసౌందర్యోపాసకులే ఏర్పఱచిరని తలచుట సహజము. కాని చరిత్ర వేఱొక కారణమును చూపుచున్నది.

18వ శతాబ్దమున తేయాకు, బ్రాందీ, పొగాకు మున్నగు సరకులపై బ్రిటిషు ప్రభుత్వము విధించిన సుంకములు మిక్కుటములు. నూటికి 119 వంతున నుండిన తేయాకు సుంకము 1784 నాటి శాసనముచే 12½ వంతునకు తగ్గింపబడినను, తక్కిన సరకుల దొంగరవాణా ఆగలేదు. దీని నరికట్టుటకు 1809లో నొక జలరక్షక దళమును, 1822లో అట్టి వివిధ దళములను కలిపి తీరరక్షక దళమును ఏర్పఱచిరి. స్థానికులతో పొత్తు కలుగకుండుటకై రక్షకులను తఱచుగా పరస్థలములనుండి నియమించెడివారు. పడవలు దాగుటకు వీలైన ప్రతి మూలను కన్నులార చూడవలసియుండుటచేతనే వారి బాట తీరమును అంతగా అంటిపెట్టుకొనినది. అనగా నేటి యాత్రికుని కనులపండువు నాటి ఉద్యోగి కావలి.

విహారదృష్టి పిదప వచ్చినది. ఆంగ్ల నవలాకారుడు విల్కీ కాలిన్స్ 1850లో కారన్వాల్ మండలమున కాలినడకను పర్యటించి, మఱుసటి యేడు ‘రాంబుల్స్ బియాండ్ రైల్వేస్’ అను గ్రంథమును ప్రకటించెను. ఆ పేరు సార్థకము. టేమార్ నదిపై రైలువంతెన 1859లో గాని తెఱువబడలేదు. రైలు వచ్చిన పిదప ఆ తీరము క్రమముగా విహారస్థలమయ్యెను.

ఇచ్చట నొక చిక్కు గలదు. ఉద్యోగధర్మముగా రక్షకుడు నడచినంత మాత్రమున ఆ బాటపై సామాన్యప్రజకు హక్కు సిద్ధింపదు. కాపలా నడక ఆగినచోట్ల భూస్వామి కంచె వేయవచ్చును, ముండ్లపొదలు కప్పవచ్చును. ఇరువది సంవత్సరములు నిరాటంకముగా ప్రజలు నడచిన బాటను ప్రజామార్గముగా నెంచవచ్చునని 1932 నాటి శాసనము నిర్ణయించెను. 1949 నాటి జాతీయోద్యానముల శాసనము ప్రజామార్గముల పటములను సిద్ధపఱచు బాధ్యతను మండల పాలకసంఘములపై నుంచి, దీర్ఘపథముల నిర్మాణమునకు దారి తీసెను. తదనుసారముగా నైరుతి తీరపథమున కారన్వాల్ భాగము 1973లోను, దక్షిణ డెవన్, డార్సెట్ భాగములు 1974లోను, సోమర్సెట్, ఉత్తర డెవన్ భాగము 1978లోను అధికారికముగా తెఱువబడెను. రక్షకులు కాలితో వేసిన బాటను ప్రజలకు మరల సంపాదించుటకు ఇంతకాలము పట్టినది.

అయినను సముద్రము శాసనమునకు లోబడదు. కొండచరియ విఱిగి బాట నీటిపాలైనచో, పూర్వన్యాయము ననుసరించి దానిపైనున్న హక్కును దానితోడనే నశించుచుండెను. 2009 నాటి సముద్ర, తీరప్రవేశ శాసనము ఈ లోపమును గుర్తించి, తీరము వెనుకకు జరిగినకొలది మార్గమును లోపలికి జరుపుటకు అవకాశము కల్పించినది. కావున ఈ తీరపథచరిత్రను సౌందర్యాభిరుచి చరిత్రగా మాత్రమే వ్రాయుట చాలదు. సుంకమునకై పుట్టిన బాట హక్కుగా మాఱిన క్రమమే ఇందలి ముఖ్యవిషయము.