ఊపిరి మాస్కు - భీమా పద్దు

గురకను మనం చిరకాలంగా పరిహాసవస్తువుగానే చూస్తూ వచ్చాము. బిగ్గరగా గురకపెట్టేవాడు సుఖనిద్రలో ఉన్నాడని మన నమ్మకం. కాని కొందరిలో ఆ గురక హఠాత్తుగా ఆగిపోతుంది. గొంతులోని కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకొనిపోగా, పది సెకన్లో, అంతకు మించో ఊపిరి ఆడదు. మనిషి ఉక్కిరిబిక్కిరై సగం మేల్కొని గాలి పీల్చుకుంటాడు. తిరిగి అదే వరుస. స్లీప్ ఆప్నియా అనే ఈ వ్యాధికి వాడే మాస్కుకు నాలుగు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ మాస్కుకు డబ్బు ఎవరు చెల్లించాలన్న వ్యవహారానికి కూడా అంతే ఆసక్తికరమైన చరిత్ర ఉన్నది. అమెరికాలో అది నడిచిన తీరు గమనింపదగినది.

పూర్వం తీవ్రమైన రోగులకు మెడవద్ద శ్వాసనాళానికి రంధ్రం చేయడమే ముఖ్యమైన చికిత్స. 1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో కాలిన్ సల్లివన్ అనే వైద్యుడు మరొక ఉపాయం ప్రయోగించారు. ముక్కుకు తొడిగిన మాస్కులోనికి ఒక యంత్రం ద్వారా ఒత్తిడితో గాలిని పంపితే, ఆ గాలియే గొంతుకు లోపలినుండి ఊతవలె నిలిచి దారి మూసుకొననీయదు. ఐదుగురు రోగులలో లభించిన ఫలితాన్ని 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. తొలి మాస్కులను ఒక్కొక్కరి ముక్కుకు అచ్చు తీసి తయారుచేసి, ప్రతిరాత్రీ జిగురుతో అంటించేవారు.

అమెరికాలో 1965లో ప్రెసిడెంటు జాన్సన్ సంతకంతో చట్టమైన మెడికేర్, ప్రధానంగా 65 ఏండ్లు నిండినవారికి ప్రభుత్వ భీమా. ఇంట వాడుకునే వైద్యపరికరాలకు, రోగి ఏటా మొదట భరించవలసిన మొత్తం పోగా, ఆమోదించిన ధరలో నూటికి 80 వంతులు భీమా చెల్లిస్తుంది. 20 వంతులు రోగివి. 1987 జనవరిలో ఈ గాలి యంత్రానికి అందులో చోటు లభించింది. ఆరేడు గంటల నిద్రలో కనీసం 30 సార్లు, ప్రతిసారీ 10 సెకన్లకు తగ్గకుండా ఊపిరి ఆగినట్లు రుజువు కావాలన్నారు. 2002లో ఈ కొలతను మార్చి, ఊపిరి ఆగడమో సన్నగిల్లడమో గంటకు 15 సార్లు, ఇతర లక్షణాలుంటే 5 సార్లు జరిగితే చాలునన్నారు. ఇంతవరకు లెక్కించినది వ్యాధిని.

ఈ మధ్యలో, 1993లో, అమెరికా పరిశోధకులు కొందరు ఒక పరిశీలన ప్రకటించారు. యంత్రాన్ని ఎంతసేపు వాడుతున్నదీ రోగులకు తెలియకుండా ఆ యంత్రంలోనే నమోదు చేశారు. నూటికి 70 రోజులు, రోజుకు కనీసం 4 గంటలు వాడినవారిని క్రమంగా వాడేవారుగా ఎంచితే, 35 మందిలో సగంమంది కూడా తేలలేదు. పరిశోధకులు తమ వర్ణనకోసం గీసుకున్న గీత అది. 2008లో అదే కొలత మెడికేర్ బిల్లులలో ప్రవేశించింది. మొదటి మూడు నెలలలో, వరుసగా 30 రోజుల గడువులో, నూటికి 70 రాత్రులు 4 గంటల చొప్పున వాడాలి. 31వ రోజుకూ 91వ రోజుకూ మధ్య వైద్యుడు చూచి మేలు కలిగినదని వ్రాయాలి. అది జరగకపోతే చెల్లింపు ఆగుతుంది. మళ్ళీ వైద్యుని వద్దకు, మళ్ళీ నిద్రాపరీక్షకు పోవలసినదే. అంతా సవ్యంగా సాగితే 13 నెలల అద్దె తరువాత యంత్రం రోగి సొత్తవుతుంది. మాస్కు, దాని మెత్త, తలకు కట్టే పట్టీ - వేటికవి వేరు సంకేతసంఖ్యలతో బిల్లుకెక్కుతాయి. మాస్కును మూడు నెలలకొకసారి మార్చుకోవచ్చును.

మంచం క్రింద పడి ఉన్న యంత్రానికి ప్రజల సొమ్ము అద్దె కట్టరాదన్న వాదంలో న్యాయమున్నది. అయితే నాలుగు గంటలు వాడలేనివారందరూ సోమరులు కారు. మాస్కు అంచులనుండి గాలి కారి కన్నులు మండేవారు, ముక్కుమీద పుండు పడినవారు వారిలో ఉన్నారు. గంటల లెక్కలో మూడు గంటలని మాత్రమే తేలుతుంది; మాస్కు సరిపోలేదని తేలదు. సిడ్నీలో ప్రతిముఖానికీ అచ్చు తీసిన నాటి శ్రద్ధకు బిల్లులో ఒక వరుస లేదు.

కనుక మన ఇండ్లలో ఎవరికైనా ఈ మాస్కు అవసరమైతే, భీమా ఏదైనప్పటికీ, రెండు సంగతులు మొదటివారంలోనే అడిగి తెలుసుకొందాము: గడువు ఎప్పటికి ముగుస్తుంది? మాస్కు సరిపోకుంటే మార్చేదెవరు?