వైపరు (కారు)

కారు ముందు అద్దంపై వాన నీటిని తుడిచే సాధనం వైపరు. దాని రబ్బరు పట్టీ ఉన్న భాగం బ్లేడు. ఇలాంటి సాధనానికి అమెరికాలో మేరీ ఆండర్సన్ 1903లో పేటెంటు పొందారు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బ్లేడును ఎక్కువగా పాడుచేసేది వాన కాదు, ఎండ. నెలల తరబడి వాడకుండా ఎండలో నిలిపిన కారులో రబ్బరు బిరుసెక్కి అంచు పగులుతుంది. మిరప కల్లాల దుమ్ము, నల్లరేగడి మట్టి దానికి తోడు. పొడి అద్దంపై వైపరు వేస్తే ఆ రేణువులే గరుకు కాగితంలా అద్దాన్ని గీస్తాయి. ముందు నీళ్లు చల్లాలి.

కొనేటప్పుడు పాత బ్లేడు పొడవు కొలుచుకోవాలి. చాలా కార్లలో డ్రైవరు వైపుది పెద్దది. బ్లేడును పట్టి ఉంచే కడ్డీ చివరి కొక్కెం ఎలాంటిదో చూడాలి. సరిగ్గా అమరని ఖరీదైన బ్లేడు కంటే అమరిన మామూలు బ్లేడే మేలు.

వారానికోసారి తడిగుడ్డను అంచు వెంట లాగితే మట్టి నల్లటి చారగా గుడ్డకు అంటుకొస్తుంది. కిరోసిన్, డీజిల్ రబ్బరుకు తగలనీయకూడదు. శుభ్రం చేశాక కూడా అద్దంపై నీటి చారలు మిగిలినా, కిర్రుమన్నా బ్లేడు మార్చాల్సిందే. ఈ జిల్లాల్లో తొలకరి జూన్‌లో, తుపాను వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మే నెలలో ఒకసారి, దసరా ముందు మరోసారి అంచు తడిమి చూసుకోండి.