బి.బి.సి. మైక్రో: ఒక నమ్మకమైన కంప్యూటరు నేర్పు పాఠము

ఈ శతవార్షికోత్సవ సంచికలో మన డయోసిస్ పుట్టుపూర్వోత్తరములను గూర్చియు, తొలి మిషనరీలను గూర్చియు, దేవాలయముల కట్టడమును గూర్చియు పెద్దలనేకులు వ్రాయుచున్నారు. వారి నడుమ మేము ఒక పాత కంప్యూటరును గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కారణమును మొదటనే మనవి చేసికొందుము. నేడు అనేక సంఘములలో బాప్తిస్మముల రిజిస్టర్లను, వివాహముల రిజిస్టర్లను, భూస్థాపన రిజిస్టర్లను ఫోనులతో ఫోటోలు తీసి పెన్ డ్రైవులలోనికి ఎక్కించుచున్నారు. ఇది మెచ్చదగిన పని. అయితే “కంప్యూటరులోనికి ఎక్కినది గదా, ఇక ఈ చెదలు పట్టిన పుస్తకము లెందుకు?” అను మాటయు వినబడుచున్నది. ఆ మాటకు తగిన జవాబు 1981లో పుట్టిన ఒక కంప్యూటరు చరిత్రలో ఉన్నదని మా నమ్మకము.

ఆ కంప్యూటరు పేరు బి.బి.సి. మైక్రో. మన పెద్దలు లండను రేడియోగా ఎరిగిన బి.బి.సి. సంస్థ 1980 ప్రాంతములో బ్రిటను ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పవలెనని సంకల్పించినది. టెలివిజను పాఠములతో పాటు, ఇంటిలోను బడిలోను వాడుకొనుటకు తన పేరుతో ఒక కంప్యూటరు ఉండవలెనని కోరినది. కేంబ్రిడ్జి పట్టణములో హెర్మన్ హౌజర్, క్రిస్ కరీ అనువారు 1978లో స్థాపించిన ఏకార్న్ అను చిన్న కంపెనీ ఆ పనికి పోటీపడినది. బి.బి.సి. వారు చూడ వచ్చుటకు వారము రోజులైనను లేవు. చూపుటకు యంత్రము తయారుగా లేదు. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అను ఇద్దరు యువ ఇంజనీర్లు, ఇది సాధ్యము కాదని మొదట అన్నవారే, రేయింబవళ్లు శ్రమించి ఆ వారములోనే నమూనాను నిలబెట్టిరి. పని ఏకార్న్ కంపెనీకే దక్కినది.

1981 డిసెంబరు 1వ తేదీన ఈ కంప్యూటరు వెలువడినది. 1982 జనవరిలో టెలివిజను పాఠములు ప్రారంభమైనవి. 12,000 కంప్యూటర్లు అమ్ముడుపోవునని మొదట అంచనా వేసికొనిరి. తుదకు 15 లక్షలకు పైగా అమ్ముడైనవి. బ్రిటనులో బడి ఈడు పిల్లలు ఒక తరమువారు దీని యెదుటనే కూర్చుండి కంప్యూటరు నేర్చుకొనిరి. మన దేశమునకును దీనితో బంధుత్వము కలదు. 1984-85లో భారత ప్రభుత్వము “క్లాస్” అను పేరుతో పాఠశాలలలో కంప్యూటరు విద్యను ప్రయోగముగా ప్రారంభించినప్పుడు, తొలి విడతలో ఎన్నుకొన్న 250 పాఠశాలలకు ఇచ్చినవి ఈ బి.బి.సి. మైక్రోలే.

ఇక దీని శక్తి యెంత? బి మోడలు అనబడు యంత్రము జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. నేడు మన ఫోనులో వచ్చు ఒక్క ఫోటో దానిలో పట్టదు. అందులోను తెర మీద రంగుల బొమ్మలు కావలెననిన, ఆ బొమ్మలకే 20 కిలోబైట్లు పోవును. యంత్రము తన సొంత పనులకు ఉంచుకొనునది, ఫ్లాపీ డిస్కు కోరునది తీసివేసినచో, మనిషికి మిగులునది ఆరు కిలోబైట్ల లోపే. ఆంగ్లములో రెండు మూడు పుటల ఉత్తరమునకు అది సరిపోవును. ఇట్టి ఇరుకులో ఆ కాలపువారు లెక్కలు, ఆటలు, పాఠములు అన్నియు ఇమిడ్చిరి. ఇరుకింటిలో పెద్ద కుటుంబమును నడుపు ఇల్లాలి నేర్పు వారిది.

దాని చిత్రమైన గుణములు కొన్ని చెప్పవలెను. స్విచ్చి వేయగానే రెండు స్వరములతో కూత పెట్టును. కూత రెండు స్వరములుగా వినబడినచో ఆరోగ్యముగా ఉన్నదని అర్థము. మొదటి స్వరమే ఆగక సాగినచో లోపల ఏదో చెడినది. కీబోర్డు మీద “బ్రేక్” అను మీట ఒకటి కలదు. పొరపాటున దాని మీద వ్రేలు పడినచో అంతవరకు వ్రాసిన ప్రోగ్రాము మాయమగును. అయితే వెంటనే “ఓల్డ్” అని ఆంగ్లములో కొట్టినచో పోయినది తిరిగి వచ్చును! ఏలయన యంత్రము దానిని చెరిపివేయలేదు, మరచినట్లు ఊరకున్నదంతే. కరెంటు పోయినచో మాత్రము ఈ ఉపాయము చెల్లదు. టేపు మీదనో డిస్కు మీదనో దాచుకొననిది సమూలముగా పోవును.

ఫ్లాపీ డిస్కు లెక్క మరియొకటి. డిస్కు ఒక వైపున ఎంత స్థలము మిగిలియున్నను 31 ఫైళ్లకు మించి పెట్టుటకు వీలులేదు. ఒక్కొక్క ఫైలు పేరు ఏడు అక్షరములు దాటరాదు. సంఘ కార్యదర్శి ఎవరైనను ఆ దినములలో దానిపై రిజిస్టర్లు వ్రాసియున్నచో, “బాప్టిజమ్” అను ఆంగ్ల మాట ఏడక్షరములలో సరిగా ఇమిడెడిది, “మ్యారేజ్” అను మాట ఒక్క అక్షరముతో తప్పిపోయెడిది. పెండ్లిండ్ల ఫైలుకు ఏదో పొట్టి పేరు పెట్టవలసినదే. ఆ పొట్టి పేరునకు అర్థమేమో పెట్టినవానికే తెలియును. ఈ చిన్న సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

మన తెలుగు మాట యేమి? తనకు కావలసిన అక్షరములను తానే గీసికొను వసతి ఈ యంత్రములో ఉన్నది. అయితే ఒక్కొక్క అక్షరమునకు ఇచ్చినది అడ్డముగా 8, నిలువుగా 8 చుక్కల గడి మాత్రమే. ఆంగ్ల అక్షరములకు అది చాలును. మన తలకట్లు, గుడులు, కొమ్ములు, క్రింద వ్రేలాడు వత్తులు ఆ గడిలో ఊపిరాడక నలిగిపోవును.

నమ్మకము విషయములో ఈ యంత్రమునకు మంచి పేరున్నది. అదే 1981లో వచ్చిన సింక్లెయిర్ జెడ్.ఎక్స్.81 అను కంప్యూటరు 70 పౌండ్లకు లోపే దొరికెడిది. దాని వెనుక తగిలించు అదనపు జ్ఞాపకశక్తి పెట్టె కొంచెము కదిలినచో పని యంతయు గంగపాలగుట నాటివారందరు ఎరిగినదే. బి.బి.సి. మైక్రో ఖరీదు దానికి అనేక రెట్లు. బి మోడలు మొదట 335 పౌండ్లు, తరువాత 399 పౌండ్లు. కాని గట్టి పెట్టె, గట్టి మీటలు. బడి పిల్లల గుద్దులకు ఏండ్ల తరబడి ఓర్చుకొనినది. మొదట వచ్చిన కొన్నిటిలో కరెంటు పెట్టె మితిమీరి వేడెక్కెడిది. ఆ లోపమును గుర్తించి వేరు విధమైన పెట్టెను అమర్చిరి. నాలుగు దశాబ్దములు దాటినను ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్కులో ఉన్న కంప్యూటరు మ్యూజియములో ఒక తరగతి గది నిండ ఇవి పనిచేయుచు, పిల్లలకు నేర్పుచున్నవి.

అట్లని ముసలితనము రాలేదని కాదు. అది వచ్చు త్రోవయే వింతైనది. దీని మెదడైన పెద్ద చిప్పు సామాన్యముగా చెడదు. కరెంటు వచ్చు చోట కొన్ని పైసల విలువైన కెపాసిటరు ఒకటి ఉండును. ఏండ్లు గడిచిన కొలది దాని పై తొడుగు పగిలి, తేమ లోనికి ఎక్కి, ఒకనాడు స్విచ్చి వేయగానే గది నిండ కంపు, పొగ. చూచువారు యంత్రము కాలిపోయినదని నిరాశపడుదురు. తెలిసినవారు ఆ చిన్న వస్తువును మార్చగా యంత్రము మరల కూత పెట్టి లేచును. మరికొన్నిటిలో చిప్పులు తమ గూళ్లలోనుండి కొద్దిగా పైకి జరుగును. వ్రేలితో గట్టిగా నొక్కినచో చాలును. పెద్దది నిలువగా చిన్నది చెడి అంతటిని ఆపుట సంఘ జీవితములోను మనకు క్రొత్త కాదు.

మరియొక విశేషము. ఈ యంత్రమును చేసిన విల్సన్, ఫర్బర్ గార్లే తరువాత ఆర్మ్ అను చిప్పును రూపొందించిరి. 1985 ఏప్రిలులో తయారై వచ్చిన మొదటి చిప్పును ఒక బి.బి.సి. మైక్రోకు తగిలించియే పరీక్షించిరి. నేడు మన జేబులలో ఉన్న ఫోనులలో దాదాపు అన్నిటికి మెదడు ఆ వంశములోనిదే. ఆరాధన వేళ మ్రోగి గురువుగారిని కలవరపెట్టు ఫోనునకు ఇది తాత వంటిదన్న మాట!

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదము. 1086లో ఇంగ్లండు రాజైన విలియము తన రాజ్యములోని భూములు, పశువులు, జనుల లెక్కలను తోలుకాగితముల మీద వ్రాయించెను. దానిని డూమ్స్‌డే గ్రంథమందురు. 900 ఏండ్లు నిండిన సందర్భమున, 1986లో, బి.బి.సి. సంస్థ క్రొత్త డూమ్స్‌డే ఒకటి సిద్ధపరచినది. పది లక్షల మందికి పైగా ప్రజలు, వారిలో అనేకులు బడి పిల్లలు, తమ ఊళ్లను గూర్చి వ్రాసి, ఫోటోలు తీసి పంపిరి. అవన్నియు పళ్లెములంతటి రెండు లేజరు డిస్కులలో నిక్షేపించిరి. వాటిని చదువుటకు బి.బి.సి. మైక్రో తమ్ముడైన మాస్టర్ అను కంప్యూటరును, దానికి తగిలించు ప్రత్యేకమైన డిస్కు యంత్రమును కావలెను. మొత్తము వెల సుమారు 5,000 పౌండ్లు. కొనగలిగిన బడులు కొద్ది.

పదునైదు ఏండ్లు గడిచెను. డిస్కులు చెక్కుచెదరలేదు. కాని వాటిని త్రిప్పు యంత్రములు కరవైనవి, బాగుచేయువారును కరవైరి. పది లక్షల మంది వ్రాసినది చదువుటకు వీలులేని స్థితి వచ్చినది. 1086 నాటి తోలు పుస్తకమో, లాటిను తెలిసిన వారెవరైనను నేటికిని తెరచి చదువవచ్చును! 2002లో లీడ్స్, మిచిగన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు శ్రమపడి, పాత యంత్రమువలె నటించు ప్రోగ్రామును క్రొత్త కంప్యూటరులో వ్రాసి, ఆ డిస్కులలోని దానిని మరల చదువగలిగిరి. 2011లో బి.బి.సి. దానిని ఇంటర్నెట్టులో పెట్టినది. 2018లో ఆ పుటలు బ్రిటను జాతీయ భాండాగారపు పరిరక్షణలోనికి చేరినవి.

కాబట్టి మేము గ్రహించినదేమనగా, చెడినది డిస్కు కాదు, యంత్రము గట్టిది కాకపోవుటయు కాదు. దానిని చదువు ఏర్పాటును ఎవరును కాపాడలేదు. దక్కినది కూడ మనుష్యుల ఆసక్తి వలననే. యోషీయా కాలములో ధర్మశాస్త్ర గ్రంథము మందిరములోనే ఉండియు కనుమరుగై యుండెను. మందిరమును బాగుచేయునప్పుడు దొరికి, చదువబడినప్పుడే దేశము కదలినది. యిర్మీయా సంగతియు చూడుడు. యెరూషలేము ముట్టడిలో ఉండగా ఆయన అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొనెను. క్రయపత్రములు రెండు వ్రాయించెను. ఒకటి ముద్రవేసినది, ఒకటి ముద్రలేనిది. రెండింటిని మట్టికుండలో పెట్టుమని బారూకు చేతికి అప్పగించెను. రెండు ప్రతులు, గట్టి పాత్ర, నమ్మకమైన మనిషి: ఈ మూడును నేటికిని పనికివచ్చు పద్ధతియే.

మన రిజిస్టర్లు ఆ క్రయపత్రము వంటివే. ఎవరి తాత ఏ తేదీన, ఏ గురువు చేత బాప్తిస్మము పొందెనో, ఏ పేరు విడిచి ఏ పేరు ధరించెనో తెలుపు సాక్ష్యము, పేదవానికి కొన్నిచోట్ల ఆ ఒక్కటియే. గనుక సంఘ పెద్దలకు మా మనవి ఇది. ఫోటోలు తీసినంత మాత్రమున పాత పుస్తకమును పారవేయవద్దు. వేపాకు వేసి, నేలకు ఎత్తున, తేమ తగులని బీరువాలో ఉంచుడు. ఫోటోల ప్రతి ఒకటి సంఘములోను, ఒకటి డయోసిస్ కార్యాలయములోను ఉండవలెను. ఫైళ్లకు ఎవరైనను గ్రహించునట్లు సంఘము పేరు, సంవత్సరము పూర్తిగా పెట్టుడు. ఏ ఫైలులో ఏమున్నదో కాగితము మీద పట్టిక వ్రాసి రిజిస్టరులోనే ఉంచుడు. ఏటేట సంఘ వార్షికోత్సవ దినమున ఒక యువకుడు వాటిని తెరచి, చదువబడుచున్నవో లేదో చూచి, అవసరమైనచో క్రొత్త దానిలోనికి మార్చవలెను. ఈ బాధ్యతను పేరు చెప్పి ఒకరికి అప్పగించుడు. అందరి పని యన్నది ఎవరి పనియు కాదు.

రాబోవు నూరేండ్ల పండుగ నాటికి మనమెవరమును ఉండము. ఆనాడు సంచిక వ్రాయువారు మన పేర్లను వెదకినప్పుడు అవి దొరకును గాక. దేవుడు మన సంఘములకు బారూకు వంటి నమ్మకమైన సేవకులను దయచేయును గాక.