రాయి, రాగిరేకు, కవిలెకట్ట: తిరుపతి-చిత్తూరు సీమ గతాన్ని దాచిందెవరు?

ఒక ప్రాంతపు గతంలో ఏది మిగిలింది అన్న ప్రశ్నను, దాన్ని ఎవరు మిగిల్చారు అన్న ప్రశ్న నుంచి విడదీసి చూడటం కుదరదు. చరిత్రకు ఆధారాలు వాటంతట అవి నిలవవు. ఎవరో ఒకరి అవసరం వాటిని చెక్కిస్తుంది, ఎవరో ఒకరి డబ్బు వాటిని కాపాడుతుంది. ఏవి అచ్చుకెక్కాలో, ఏవి చీకటి గదిలో ఉండిపోవాలో కూడా ఆ అవసరమూ ఆ డబ్బే నిర్ణయిస్తాయి. ఈ విషయాన్ని తిరుపతి, చిత్తూరు ప్రాంతాలంత స్పష్టంగా చూపించే సీమ తెలుగుదేశంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

తెలుగునాట చరిత్ర పరిశోధన ఒక సామాజిక ఉద్యమంగా మొదలయింది. కొమర్రాజు లక్ష్మణరావు తరం అందుకు పునాది వేసింది. 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనాల సంపుటాన్ని వెలువరించింది. ఈ సంస్థల వెనక ఉన్నది ప్రధానంగా మధ్యతరగతి విద్యావంతుల శ్రమ, జాతీయోద్యమ కాలపు ఆత్మగౌరవ చైతన్యం. వాటి దృష్టికి పరిమితులు లేకపోలేదు. రాజవంశాల వరుసను తేల్చడమే చరిత్ర అనే భావం వారిలో చాలామందిని వదలలేదు. అయినా అవి సభ్యుల చందాలతో, దాతల సాయంతో బతికిన సంస్థలు. పాఠకుడికి జవాబు చెప్పుకోవలసిన సంస్థలు.

తిరుపతిలో కథ వేరు. ఇక్కడ ఆ పని చేసింది చరిత్ర సంఘం కాదు, దేవాలయం. 1843 నుంచి 1933 వరకు తిరుమల ఆలయ పాలన హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. 1932 నాటి మద్రాసు చట్టం ప్రకారం ఆ తర్వాత దేవస్థానం కమిటీ ఏర్పడింది. ఈ రెండు పాలనల సంధికాలంలోనే శాసనాల పని సాగింది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి కొండమీదా కిందా ఉన్న గుళ్ళ గోడలమీది శాసనాలను పరిశీలించి, 1930లో ఒక సమగ్ర నివేదిక ప్రకటించాడు. 1931లో తొలికాలపు శాసనాల సంపుటం ఆయన సంపాదకత్వంలో వచ్చింది. సాళువ నరసింహుని కాలం మొదలుకొని కృష్ణరాయ, అచ్యుతరాయ, సదాశివరాయల కాలాల సంపుటాలు కొద్ది సంవత్సరాల్లోనే వెలువడ్డాయి. వీటికి ప్రధాన సంపాదకుడు పండిత విజయరాఘవాచార్య. వెయ్యికి పైబడిన శాసనాలను ఒక్క క్షేత్రం నుంచి ఇంత తక్కువ కాలంలో అచ్చువేయడం సామాన్యమైన పని కాదు. ఆ పండితుల శ్రమను తక్కువచేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఈ సంపుటాలు చేరింది ఎవరికి? శాసనాల్లో అత్యధిక భాగం తమిళంలో ఉన్నాయి. తెలుగు, కన్నడ శాసనాలు కొద్ది. సంపుటాల్లో శాసనపాఠం పక్కన ఇచ్చిన అనువాదం ఇంగ్లీషు. కొండ చుట్టూ ఉన్న పల్లెల్లోని తెలుగు రైతుకు, ఆ రైతు కొడుక్కి పాఠం చెప్పే బడిపంతులుకు కూడా, తమ ఊరి చెరువు ప్రస్తావన ఉన్న పుస్తకం రెండు రకాలుగా అందకుండా పోయింది. భాషను చూపి ఈ ఊరు ఎవరిదో తేల్చాలనుకునే వారికి ఆ శాసనాలు పెద్దగా సాయపడవు. శాసనభాష ఆనాటి ఆలయ పరిపాలన అలవాటును చెబుతుంది కాని, వీధిలో మాట్లాడే భాషల లెక్క చెప్పదు. తిరుపతి ఎవరిదన్న వివాదం రాష్ట్రాల ఏర్పాటు కాలంలో ఉద్రేకంగా సాగింది. చివరకు 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికీ, సత్యవేడు చిత్తూరు జిల్లాకూ మారాయి.

ఈ శాసనాల్లో నిజంగా ఏముంది? పాఠ్యపుస్తకాలు మనకు చెప్పేది ఒక్కటే: కృష్ణదేవరాయలు 1513కీ 1521కీ మధ్య ఏడుసార్లు కొండకు వచ్చాడు, కిరీటమూ నగలూ సమర్పించాడు. అది నిజమే. కాని సంపుటాలు తిరగేసినవారికి ఎదురయ్యే దృశ్యం వేరు. దాతలు దేవుడికి నైవేద్యం కోసం ‘నర్‌పణం’ అనే నాణెంలో డబ్బు ఇస్తారు. ఆలయం ఆ డబ్బును హుండీలో పెట్టి ఊరుకోదు. దేవుడి మాన్య గ్రామాల్లో కాలువలు తవ్వించడానికీ చెరువులు బాగుచేయించడానికీ పెట్టుబడిగా పెడుతుంది. నీరు వచ్చాక పెరిగిన పంట నుంచి నైవేద్యం ఖర్చు వెళుతుంది. నైవేద్యమయిన ప్రసాదంలో నాలుగో వంతు దాతకు వస్తుంది. దానికి తమిళంలో ‘విట్టవన్ విళుక్కాడు’ అని పేరు. ఆ వాటాను దాత తాను తినవచ్చు, ఇంకొకరికి రాసి ఇవ్వవచ్చు. అంటే భక్తి, పెట్టుబడి, సాగునీరు, ప్రసాదపు వాటా ఒకే గొలుసులో కట్టిన ఒక ఆర్థిక యంత్రాంగం అక్కడ పనిచేసింది.

ఈ యంత్రాంగాన్ని గుర్తించి ప్రపంచం ముందు పెట్టింది ఎవరు? బర్టన్ స్టైన్ అనే అమెరికన్ పండితుడు, 1960లో, ఒక ఇంగ్లీషు పత్రికలో. ఆయన వాడుకున్నది దేవస్థానం అచ్చువేసిన సంపుటాలనే. సంపుటాలు వెలువడి పాతికేళ్ళు గడిచినా తెలుగు సాహిత్య లోకం వాటిలో రాయల దిగ్విజయాలనూ భక్తి విశేషాలనూ మాత్రమే వెదుక్కుంటూ ఉండిపోయింది. ఆధారం చేతిలో ఉండటం చాలదు, దాన్ని అడగవలసిన ప్రశ్న కూడా ఉండాలి. 1956లో కోశాంబి భారత చరిత్ర అధ్యయనానికి ఉపోద్ఘాతం రాస్తూ, రాజుల పేర్లకంటె నాగలి ఎక్కడ దున్నిందన్నది ముఖ్యమని చూపించాడు. ఆ చూపు తిరుపతి శాసనాలమీద పడి ఉంటే, కాలువ తవ్విన కూలీ ఎవరు, పెరిగిన పంటలో సాగు చేసినవాడికి మిగిలిందెంత అనే ప్రశ్నలు తప్పక వచ్చేవి. శాసనం వీటికి సూటిగా జవాబివ్వదు. దాత పేరు, డబ్బు, నైవేద్యపు కొలతలు బియ్యంతో నేతితో సహా చెబుతుంది. మట్టి మోసినవాడి పేరు చెప్పదు. ఆ మౌనం కూడా ఆధారమే. రాయిమీద చోటు ఎవరికి దక్కిందో అది చెబుతుంది.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. రాయిమీద చోటు రాజులకే దక్కలేదు. పల్లవ వంశానికి చెందిన సామవై అనే రాణి వెండి విగ్రహాన్నీ నగలనూ భూమినీ ఇచ్చిన శాసనం తిరుమల తొలి శాసనాల్లో ప్రసిద్ధమైనది. విజయనగర కాలానికి వస్తే వర్తకులూ, ఆలయంలో నాట్యమాడే సానులూ దాతలుగా కనిపిస్తారు. సాళువ నరసింహుని కాలంలో రామానుజకూటం నడిపిన కందాడై రామానుజయ్యంగారి వెనక సాత్తాద శ్రీవైష్ణవులనే బ్రాహ్మణేతర శిష్యవర్గం ఉంది. ఆలయంలో తమకొక స్థానం కోసం ఈ వర్గాలు పడిన తపన ఆ శాసనాల్లో చదువుకోవచ్చు. ఒక నవలకు సరిపడా సామగ్రి అది. మన చారిత్రక నవలాకారులు అంతఃపురాల చుట్టూ తిరుగుతూ దాన్ని ముట్టుకోలేదు.

ఇక రాగిరేకుల సంగతి. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలనూ, ఆయన కొడుకు, మనుమల రచనలనూ చెక్కిన రెండు వేలకు పైబడిన రేకులు తిరుమల ఆలయంలోనే సంకీర్తన భాండారమనే చిన్న రాతి గదిలో శతాబ్దాల తరబడి ఉండిపోయాయి. 1920లలో అవి వెలుగు చూశాయి. 1930లలో మొదటి సంపుటాలు వచ్చాయి. 1939లో దేవస్థానం స్థాపించిన ప్రాచ్య పరిశోధన సంస్థలో వేటూరి ప్రభాకరశాస్త్రి 1950లో మరణించేదాకా ఈ పనిలో మునిగి ఉన్నాడు. ఆ తర్వాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ దాన్ని అందుకున్నాడు. 1956లో ఆ సంస్థ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును ప్రారంభించింది 1978లో. రేకు దొరికిన నాటికీ, పాట సామాన్యుడి ఇంట వినిపించిన నాటికీ మధ్య అరవై ఏళ్ళు.

రాగి చెడిపోలేదు, కాని అది దాచలేనిది ఒకటుంది. రేకులమీద ప్రతి పాటకూ రాగం పేరు చెక్కారు. స్వరం చెక్కలేదు. పాడే పరంపర మధ్యలో తెగిపోయింది. మనం ఈనాడు వింటున్న వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్ది సంగీతజ్ఞులు కట్టినవి. రాళ్ళపల్లి స్వయంగా నూరుకు పైగా పాటలకు వరసలు కట్టాడు. లోహం మీద రాసినదాన్ని లోహం కాపాడింది. మనిషి గొంతులో ఉన్నదాన్ని మనిషి గొంతే కాపాడాలి. ఆ గొంతుకు కూడుపెట్టే ఏర్పాటు పోయాక అదీ పోయింది.

మరో సంగతి. రేకులు పాటలను అధ్యాత్మం, శృంగారం అని రెండే తరగతులుగా విడదీశాయి. జాజర, గొబ్బి, సువ్వి, ఏల, చందమామ, లాలి వంటి పల్లెపాటల బాణీలన్నీ ఈ రెండు గదుల్లోనే సర్దుకున్నాయి. దంచేవాళ్ళ పాటనూ ఊపేవాళ్ళ పాటనూ పండిత కుటుంబం ఆలయంలోకి తీసుకువెళ్ళింది. అలా వెళ్ళాయి కనుకనే పదిహేనో శతాబ్ది రాయలసీమ వాడుకమాట మనకు మిగిలింది. తెలుగు నుడికారం చరిత్ర రాయదలచిన విద్యార్థికి ప్రబంధాలకంటె ఈ రేకులే పెద్ద గని. కాని పంచే దగ్గర మళ్ళీ వడపోత జరిగింది. లభించిన పాటల్లో శృంగార సంకీర్తనలే చాలా ఎక్కువయినా, కచేరీల్లోనూ క్యాసెట్లలోనూ లోకానికి అందినవి ఎక్కువగా భక్తి కీర్తనలూ, శృంగారంలో మెత్తనివి కొన్నీ. ఇందులో కుట్ర ఏమీ లేదు. డబ్బు పెట్టిన సంస్థ తనకు కావలసినదాన్ని ముందు పెట్టింది. అది దాని సహజ ధర్మం. మిగిలినదాన్ని ముందుకు తేవలసిన బాధ్యత ఎవరిదన్నదే ప్రశ్న.

ఆలయ ప్రాకారం దాటి బయటికి వస్తే కాపాడే చేయి వెంటనే పలచబడుతుంది. ఏర్పేడు దగ్గరి గుడిమల్లంలో క్రీస్తు పూర్వపు లింగశిల్పం ఉంది. గోపీనాథరావు గత శతాబ్ది మొదటి దశకాల్లోనే దాన్ని పండిత లోకానికి పరిచయం చేశాడు. 1954 నుంచి ఆ గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. చంద్రగిరి కోటలో రాజమహల్ ఉంది, మ్యూజియం ఉంది. ఇంతవరకు బాగానే ఉంది. మరి పుంగనూరు, మదనపల్లె ప్రాంతాల వీరగల్లుల మాట? బాణులు, వైదుంబులు, నొలంబులు కొట్టుకున్న తొమ్మిదో శతాబ్దిలో, సోరమడి వంటి పోరాటాల్లో చచ్చిన సామాన్య భటుల పేర్లు వాటిమీద ఉన్నాయి. ఊరి ఆవుల మందను తోలుకుపోతుంటే అడ్డుపడి చనిపోయినవాడికి నిలిపిన రాళ్ళూ ఉన్నాయి. నన్నయకు ముందటి తెలుగు గద్యం ఎలా ఉండేదో చెప్పే ఆధారాల్లో ఇవి ముఖ్యమైనవి. పండితులు నకళ్ళు తీసి అచ్చువేసినవి ఉన్నాయి. కాని నకలు పుస్తకంలో ఉంటుంది, రాయి చేనిగట్టున ఉంటుంది. పలమనేరు వైపు పాండవ గుళ్ళని జనం పిలిచే బృహచ్ఛిలా సమాధులదీ అదే గతి.

కాగితం సంగతి మరీ చిక్కు. కావలి సోదరుల సాయంతో కర్నల్ మెకంజీ ఊరూరా సేకరించిన కైఫీయతులు ఆయన 1821లో పోయాక మద్రాసు చేరాయి. సి.పి. బ్రౌన్ వాటికి శుద్ధ ప్రతులు రాయించాడు. గ్రామ కరణం చెప్పిన చరిత్రే అది. అయినా అందులో చెరువు, కరువు, పాళెగాని దౌర్జన్యం, జాతర, పన్ను అన్నీ ఉన్నాయి. 1804–05లో చిత్తూరు పాళెగాళ్ళు కుంఫిణీమీద తిరగబడిన ఘట్టాన్ని తీసుకోండి. దానిగురించి మనకు తెలిసినది అణచినవారి కాగితాల నుంచే. ఆ కాగితాలు చూడాలంటే చెన్నై ఎగ్మోరు వెళ్ళాలి. ఎందుకంటే చిత్తూరు జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న, ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలూ, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలూ కలిపి. 2022లో మళ్ళీ విడిపోయింది. గీతలు మారినప్పుడల్లా మనుషులు ఉన్నచోటే ఉన్నారు, వారి కాగితాలు మాత్రం ఏదో ఒక దూరపు కచేరీలో ఉండిపోయాయి.

ఈ పని రాష్ట్రస్థాయిలో కొంత చేసిన సంస్థ ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను జిల్లాలవారీగా రైతుల నోటి నుంచే సేకరించింది. శాసనాల్లో దొరకని రైతు అక్కడ తన మాటతో సహా దొరుకుతాడు. అటువంటి అకాడమీని 1983లో ప్రభుత్వం రద్దు చేసింది. ఆ లోటును ఈ సీమలో కొంతవరకు కథకులు పూడ్చారు. మధురాంతకం రాజారాం, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రాసిన కథల్లో ఈ పల్లెల బతుకూ మాటా ఉన్నంత దట్టంగా మరే గ్రంథాలయపు బీరువాలోనూ లేవు. అయితే కథకుణ్ణి పరిశోధక మండలి చేయవలసిన పనికి కూడా బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు.

చిత్తూరు పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ దగ్గర ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. తపస్సు మాను ఎక్కే అర్జునుడి వేషగాడూ, బంకమట్టితో చేసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మా, చివరి రోజు అగ్నిగుండమూ ఊరందరికీ తెలిసినవే. ఆ ఆటలో పద్యానికీ పద్యానికీ మధ్య నటుడు చెప్పే వచనం గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి వస్తున్నది. అందులో ఊరి సంగతులూ, కరువు సంగతులూ, పెత్తందార్లమీది చురకలూ చేరుతూ ఉంటాయి. దాన్ని రాగిరేకుమీద చెక్కించే దాత ఎవరూ లేరు. టేపురికార్డరు వచ్చింది, తర్వాత ఫోను వచ్చింది. అయినా విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తమ విద్యార్థుల చేత ఒక్కొక్క మేళం పాఠాన్నీ పూర్తిగా రాయించి, ఆడినవారి పేర్లతో అచ్చువేసే పని ఒక పథకంగా పెట్టుకోవచ్చు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు ఇళ్ళలో మిగిలిపోయిన కవిలెకట్టలను కూడా ఆ విద్యార్థులే ఊరూరా అడిగి చూడవచ్చు. పద్దెనిమిది రాత్రులు సాగే భారతానికి వెళ్ళిన కుర్రవాడికి ఊళ్ళో ఏ ఇంట ఏ కట్ట ఉందో చెప్పే ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు.