గెలిచినా మిగలని లెక్క

అతనికి ఆట రాదని మాత్రం అనకండి. కిషన్‌బాగ్‌లో అతని వెల్డింగు షాపు చేతులు మారిన రోజున వీధంతా అదే మాటంది, అన్యాయంగా. పడ్డ ముక్కలన్నీ అతనికి గుర్తుండేవి. చేతికొచ్చిన పదమూడూ కుదరవనిపిస్తే ఆశకు పోకుండా మొదట్లోనే డ్రాప్ చెప్పేవాడు.

భార్య అడ్డుపడితే ఒకటే జవాబు: "రమ్మీ జూదం గాదు, తెలివి. సుప్రీంకోర్టే చెప్పింది."

చెప్పిన మాట నిజమే. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. ఆ కేసు ఢిల్లీదాకా వెళ్లి 1967 నవంబరులో తేలింది. పడే ముక్కల్ని జ్ఞాపకం పెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి గనక రమ్మీలో నేర్పుదే పైచేయి అన్నారు జడ్జీలు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది: ఆట నడిపేవాళ్లు దాని మీద లాభం తీస్తుంటే అది నేరం కావచ్చని. ఆ రెండో మాట అతని చెవిన పడలేదు. మనలో ఎందరి చెవిన పడింది గనక!

రూలెట్‌లో కాసినో సున్నా గడి పెట్టుకుని గెలుస్తుంది. రమ్మీకి, పోకర్‌కి ఆ అవసరమే లేదు. నడిపేవాడు ముక్క పట్టడు, ఎవరు గెలిచినా అతనికి ఒకటే. ప్రతి పందెంలోంచీ కమీషన్ తీసుకుంటాడు, అంతే. అతను కోరుకునేది ఆట ఆగకపోవడం. ఆట రానివాడు గంటలో జేబు దులుపుకుని లేచిపోతాడు. ఇతను తెల్లారేదాకా కూర్చునేవాడు.

ఆట ఫోన్‌లోకి వచ్చాక ముక్కలు కలిపేంత విరామం కూడా లేకుండా పోయింది. 2017 జూన్‌లో తెలంగాణ ఆర్డినెన్స్ తెచ్చి, నేర్పు ఆట పేరుతో రమ్మీకున్న మినహాయింపు తీసేసింది, ఆన్‌లైన్ ఆటనూ జూదం కిందికి తెచ్చింది. ఇతను వేరే రాష్ట్రంలో ఉన్నట్టు ఫోన్‌లో చూపించుకుని ఆడాడు. 2025 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ డబ్బులాటల్ని నిషేధిస్తూ చట్టం చేసేనాటికి గ్రైండరు పోయింది, కటింగ్ మిషన్ పోయింది, ఆఖరికి షాపూ పోయింది.

భార్య ఒక నోట్‌బుక్కు చూపించింది. ఎక్కువగా ఇద్దరాడే బల్లల మీదే ఆడేవాడు. ఒక్కో ఆటకు ఒక్కో గీత, గెలుపులు ఒకవైపు, ఓటములు ఒకవైపు. గెలుపుల వరసే పొడుగు. "మరి ఇన్నిసార్లు గెలిస్తే పైసలేడికి పోయినయన్నా?" అని అడిగిందామె.

వెనక పేజీలో లెక్క వేసి చూపించాను. తలా 100 ఒడ్డితే పందెం 200. నూటికి 10 కమీషన్ పోను గెలిచినవాడికి నికరంగా మిగిలేది 80. ఓడినవాడికి పోయేది 100. అలా నూరాటల్లో 52 గెలిచి 48 ఓడితే 640 నష్టం.