పెనుకొండ: పారిశ్రామిక భూములు, వ్యాపారం
శ్రీ సత్యసాయి జిల్లాలోని చిన్న పట్టణం. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడాక విజయనగర పాలకులు రాజధానిని ఇక్కడికి మార్చారు. కోట, గగన్ మహల్ ఆనాటి వైభవానికి గుర్తులు. వేరుశనగ పండే ఈ కరువు నేలకు పరిశ్రమ వస్తుందని చాలాకాలం ఎవరూ అనుకోలేదు. 2017లో కొరియా సంస్థ కియా రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, సమీపంలోని ఎర్రమంచి వద్ద సుమారు 536 ఎకరాల్లో కార్ల కర్మాగారం కట్టింది. ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో 2019లో ఉత్పత్తి మొదలైంది. బెంగళూరు వెళ్ళే 44వ జాతీయ రహదారి, గొల్లపల్లి జలాశయం నీరు ఇందుకు కలిసొచ్చాయి. నీరే అసలు కీలకం. విడిభాగాల పరిశ్రమలు, అద్దె ఇళ్ళు, రవాణా, కొరియన్ భోజనశాలలు వెంట వచ్చాయి.