గోడ క్యాలెండరు నుంచి సొంత రిజిస్టరు దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, కోటలూ రాజులూ నా వల్ల కాదని చెప్పాను. 36 ఏళ్ళు కలెక్టరాఫీసులో రిజిస్టర్లు రాసినవాణ్ణి. నాకు తెలిసిన చరిత్ర కాగితం చరిత్రే. మనిషి తన రేపటి పనిని కాగితం మీద ఎలా పెట్టుకుంటూ వచ్చాడు, ఆ పద్ధతిని మన బోటి పెన్షనర్లు తమ ఇంటి కొలతకు ఎలా కుట్టించుకోవచ్చు అన్నదే ఈ వ్యాసం. దీని మీద నాకు శ్రద్ధ పుట్టడానికి కారణం ఒక నష్టం. ముందు అది చెప్పుకోవాలి.

2004 జూన్ 30న పదవీ విరమణ చేశాను. పెన్షనులో కొంత భాగం కమ్యూట్ చేసి, ఆ సొమ్ముతో ఇంటి మీద అప్పు తీర్చాను. సొమ్ము చేతికి వచ్చింది ఆ ఏడాది అక్టోబరులో. 15 ఏళ్ళు నిండాక కోసిన భాగాన్ని తిరిగి కలుపుతారని మనందరికీ తెలుసు. అంటే 2019 అక్టోబరుతో నా కోత ఆగిపోవాలి. 2021 జనవరిలో పాస్‌బుక్కులో ఎంట్రీలు వేయించుకుని ఇంటికొచ్చి చూసుకుంటే కోత అలాగే సాగుతోంది. 15 నెలలు గడిచిపోయాయి! చూడవలసిన వాళ్ళు చూడలేదు, నిజమే. కానీ నేనేం చేస్తున్నట్టు? అర్జీ పెట్టుకుని, రెండు మూడుసార్లు తిరిగాక బకాయి వచ్చింది. మా ఆవిడ మాత్రం ఒక్క మాట అంది: "జిల్లా అంతటికీ పీరియాడికల్స్ గుర్తు చేసిన మనిషి, మనింటి పీరియాడికల్ ఒక్కటి రాసుకోలేకపోయారా?"

ఆ మాట పట్టుకునే డైరీల చరిత్ర వెతకడం మొదలుపెట్టాను.

మన ఇళ్ళలో రేపటి పనిని చెప్పే మొదటి పుస్తకం పంచాంగం. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే అయిదు అంగాలూ చూసే పెళ్ళికీ ప్రయాణానికీ రోజు పెట్టుకున్నాం. అయితే పంచాంగం ఊరందరికీ ఒకటే. అందులో మన సొంత పని రాసుకోవడానికి చోటు ఉండదు. తరవాత గోడ క్యాలెండరు వచ్చింది. తేదీ కింద తిథీ నక్షత్రమూ వర్జ్యమూ వేసి ఇచ్చేవారు. దాని మీద మన ఆడవాళ్ళు పెన్సిలుతో పాలు పోయని రోజున సున్నా చుట్టి, గ్యాసు బుక్ చేసిన తేదీన "గ్యా" అని రాసి, అందరిదైన కాగితాన్ని తమ కాగితం చేసుకున్నారు. నన్నడిగితే తెలుగింట మొదటి ప్లానరు అదే. దానికి ఎవరూ ఆ పేరు పెట్టలేదంతే.

దినచర్య రాసుకునే అలవాటు కూడా మనకు కొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి అయిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. దారి పొడుగునా తేదీలూ మజిలీలూ వదలకుండా రాశారు. అదే 1838లో "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చయింది. కాకపోతే అది జరిగినదాన్ని రాసుకోవడం. జరగవలసినదాన్ని రాసుకోవడం వేరే విద్య.

ఆ విద్యకు దుకాణంలో దొరికే రూపం ఇచ్చినవాడు జాన్ లెట్స్ అనే లండన్ వ్యాపారి. రాయల్ ఎక్స్ఛేంజి దగ్గర 1796లో స్టేషనరీ దుకాణం పెట్టాడు. అక్కడి వర్తకులకు సరుకు ఎప్పుడు వస్తుంది, బాకీ ఎప్పుడు తీరుతుంది అన్నవి ముందుగా రాసిపెట్టుకోవడం అవసరం. వాళ్ళ కోసం 1812లో రాబోయే ఏడాది తేదీలు అచ్చువేసిన డైరీని అమ్మకానికి పెట్టాడు. మనకు కొత్త సంవత్సరానికి బ్యాంకుల వాళ్ళూ బీమా వాళ్ళూ ఇచ్చే డైరీలన్నీ ఆ వంశంలోనివే. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ డైరీ వర్తకుడి కోసం పుట్టింది. తరవాత దాన్నే గుమాస్తాకూ, పంతులుకూ, పెన్షనరుకూ ఇచ్చారు. మా ఇంట్లో అట్ట కూడా నలగని డైరీలు అల్మరా నిండా ఉన్నాయి. జనవరి 10వ తేదీ దాటి అందులో ఏమీ ఉండదు.

జనవరి 1 అసలు మన సంవత్సరమా? నా ఉద్యోగ జీవితమంతా మూడు సంవత్సరాదుల మధ్య నడిచింది. బడ్జెట్టుకు ఏప్రిల్ 1. జమాబందీకి ఫసలీ, అంటే జూలై 1. ఇంట్లో ఉగాది. ఇది చాలదన్నట్టు కేంద్ర ప్రభుత్వం 1957 మార్చి 22 నుంచి శక సంవత్సరాన్ని జాతీయ పంచాంగంగా తీసుకుంది. గెజెట్టు మీద దాని తేదీ చదివినవాళ్ళం ఉన్నాం గాని, దాని ప్రకారం కూరగాయలు కొన్నవాళ్ళం లేము.

సొంతానికి గీతలు గీసుకుని పుస్తకం తయారుచేసుకున్నవాళ్ళలో నాకు బాగా నచ్చినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1706లో పుట్టి, ఫిలడెల్ఫియా నగరంలో ప్రింటరుగా స్థిరపడి, అమెరికా స్వాతంత్ర్య నాయకుల్లో ఒకడైనవాడు. యువకుడిగా ఉన్నప్పుడు తనలో పెంచుకోవలసిన 13 గుణాల జాబితా రాసుకున్నాడు. ఒక చిన్న పుస్తకంలో గుణానికి ఒక పేజీ. పేజీలో ఎర్ర సిరాతో వారానికి ఏడు నిలువు గళ్ళు, గుణాలకు 13 అడ్డ గళ్ళు. తప్పు చేసిన రోజున ఆ గడిలో నల్ల చుక్క. వారానికి ఒక గుణం మీద గట్టి దృష్టి. 13 వారాలకు ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. చుక్కలు గీకి చెరిపి మళ్ళీ పెట్టేసరికి కాగితం చిల్లులు పడింది. అప్పుడు దంతపు రేకుల పుస్తకం మీద ఎర్ర గీతలు గీసుకుని, పెన్సిలుతో చుక్కలు పెట్టి, తడి స్పాంజితో తుడుచుకున్నాడు. మన చిన్నప్పటి పలక బుద్ధే! రోజు మొత్తానికి వేళల పట్టిక కూడా ఒకటి వేసుకున్నాడు. అయిదింటికి లేవడం, ఈ రోజు ఏం మంచి చేయాలి అని ప్రశ్నించుకోవడం, మధ్యాహ్నం లెక్కలు చూసుకోవడం, సాయంత్రం వస్తువులు వాటి చోట్ల సర్దడం, పదింటికి పడక. ఇంత చేసినవాడు తన ఆత్మకథలో ఒప్పుకున్నదేమిటంటే, 13 గుణాల్లోనూ తనను ఎక్కువ ఇబ్బంది పెట్టింది క్రమపద్ధతేనట. అది చదివాక నాకు నా 15 నెలల మీద దుఃఖం కొంత తగ్గింది.

ఆ ఫిలడెల్ఫియాలోనే 20వ శతాబ్దం మొదట్లో లీఫాక్స్ అనే విడి కాగితాల పుస్తకం వచ్చింది. ఇంజనీర్లు తమకు కావలసిన కొలతల పట్టికలున్న కాగితాలు కొని రింగుల్లో తగిలించుకునేవారు. కట్టుడు పుస్తకంలో వీలుకానిది ఇందులో వీలవుతుంది. అవసరం తీరిన కాగితం తీసేయవచ్చు, కొత్తది మధ్యలో చేర్చవచ్చు. లండన్‌లో నార్మన్ అండ్ హిల్ అనే సంస్థ 1921లో మొదలై ఇలాంటివే తయారుచేసి అమ్మింది. ఆ ఆఫీసులో టెంపరరీ సెక్రటరీగా చేరిన గ్రేస్ స్కర్ అనే ఆవిడ దానికి "ఫైల్ ఆఫ్ ఫ్యాక్ట్స్" అనే మాటల్ని కుదించి ఫైలోఫాక్స్ అని పేరు పెట్టింది. 1930లో ఆ పేరు రిజిస్టరు చేశారు. రెండవ ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడి ఆ ఆఫీసు కాలిపోయింది. కాగితాలన్నీ పోయాయి. అయితే సరుకు ఇచ్చేవాళ్ళ పేర్లూ కొనేవాళ్ళ చిరునామాలూ గ్రేస్ స్కర్ తన సొంత ఫైలోఫాక్స్‌లో రాసి పెట్టుకుని ఉంది. దాని ఆధారంతో వ్యాపారం మళ్ళీ నిలబడింది. టెంపరరీగా చేరిన ఆవిడే తరవాత ఆ కంపెనీకి చైర్మన్ అయింది. 1980లలో ఆ తోలు అట్ట పుస్తకం చేతిలో ఉండటం పాశ్చాత్య దేశాల కుర్ర ఆఫీసర్లకు హోదా. తరవాత సెల్‌ఫోన్లు వచ్చి ఆ హోదా కాస్తా లాక్కుపోయాయి.

ఇవన్నీ చదువుతుంటే ఒకటి తట్టింది. మనం కూడా ఏం తక్కువ తినలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వచ్చిన జిల్లాల్లో పనిచేసినవారికి టాటెన్‌హామ్ సిస్టమ్ గుర్తుండే ఉంటుంది. ఆ పేరుగల మద్రాసు ఐ.సి.యస్. అధికారి పేరు మీద వచ్చిన ఆఫీసు పద్ధతి అది. తపాలులో వచ్చిన ప్రతి కాగితానికీ ఒక కరెంటు నంబరు. గుమాస్తాకు ఒక పర్సనల్ రిజిస్టరు. ఏ కాగితం ఎప్పుడొచ్చింది, ఏం చేశాం, ఎవరి జవాబు కోసం ఆగింది అన్నీ అందులో. తప్పకుండా పంపవలసిన రిపోర్టులకు పీరియాడికల్ రిజిస్టరు. ఇప్పట్లో కదలని ఫైళ్ళకు కాల్ బుక్. ఏ రోజు ఎవరికి జ్ఞాపిక పంపాలో చెప్పే రిమైండర్ డైరీ. పని ముగిసిన ఫైలును ఎన్నాళ్ళు ఉంచాలో కూడా దాని మీదే ఉండేది. ఎల్.డిస్. అయితే ఏడాది, ఆర్.డిస్. అయితే శాశ్వతం. మా సూపరింటెండెంటుగారు పర్సనల్ రిజిస్టరు తనిఖీకి తెమ్మంటే ముందురోజు రాత్రి నిద్రపట్టేది కాదు. ఇప్పుడు ఈ-ఆఫీసు వచ్చి ఆ లావుపాటి రిజిస్టర్లు చాలాచోట్ల పోయాయి. పద్ధతి మాత్రం మన బుర్రల్లో ఉంది. దాన్ని ఆఫీసులో వదిలేసి ఇంటికి రావడమే మనం చేసిన పొరపాటు.

నేను చేసిందిది. రెండు రింగుల ఫైలు ఒకటి, రూళ్ళ కాగితాలు, కాగితానికి చిల్లులు పొడిచే మిషను కొన్నాను. ముందుగా పీరియాడికల్స్‌కు 12 కాగితాలు, నెలకు ఒకటి. సంవత్సరం ఉగాదితో మొదలుపెట్టాను. కొత్త పంచాంగమూ కొత్త ఆర్థిక సంవత్సరమూ ఇంచుమించు కలిసే వస్తాయి గనక రెండూ ఒకేసారి ఎక్కించుకోవచ్చు. కాగితం ఎడమ పక్క మారని తేదీలు. ఏప్రిల్‌లో డిపాజిట్ల వడ్డీ మీద పన్ను కోయవద్దని బ్యాంకుకు ఇచ్చే ఫారం, జూలై నెలాఖరుకు ఆదాయపు పన్ను రిటర్ను, ఇంటి పన్ను, ఆరోగ్య బీమా ప్రీమియం, లైఫ్ సర్టిఫికెట్టు. ఈ చివరిదాని గడువు కేంద్రం వారికీ రాష్ట్రాల వారికీ ఒకటి కాదు, ఎవరిది వారు కనుక్కుని రాసుకోవాలి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో ఎక్కడినుంచైనా ఇవ్వవచ్చు గాని, ఇచ్చినట్టు వచ్చే నంబరు రాసిపెట్టుకోవాలి. కాగితం కుడి పక్క ఏటా మారేవి. మా నాన్నగారి తిథి మార్గశిర బహుళ సప్తమి. ఇంగ్లీషు తేదీ ఏడాదికొక రకంగా వస్తుంది. పిల్లలు సెలవు పెట్టుకోవాలంటే ఉగాదినాడే తెలియాలి కదా. కొన్న డైరీ ఏదీ ఈ పని చేయదు.

తరవాత పర్సనల్ రిజిస్టరు. పెన్షను, బ్యాంకు, వైద్యం, ఇల్లు అని నాలుగు విభాగాలు. వేసిన ప్రతి అర్జీకీ ఒక నంబరు, తేదీ, ఎవరితో మాట్లాడాం, ఏమన్నారు. ఇలా రాసినది చూసి చెబితే ఆఫీసులో అవతలివాడి గొంతు కూడా మారుతుంది, ఇది నా అనుభవం. కాల్ బుక్ పేజీలో ఏళ్ళ తరవాత వచ్చేవి ఉంటాయి. కమ్యూటేషన్ పునరుద్ధరణ తేదీ, వయసును బట్టి వచ్చే అదనపు పెన్షను తేదీ, డిపాజిట్లు ముగిసే తేదీలు. కేంద్ర పెన్షనర్లయితే 80 నిండగానే మూల పెన్షను మీద 20 శాతం కలవాలి. రాష్ట్రాలవి వాటి ఉత్తర్వుల ప్రకారం. ఆ పేజీని ప్రతి ఉగాదికీ ఒకసారి తిరగేస్తాను. గ్యాసు రసీదులూ కరెంటు బిల్లులూ ఎల్.డిస్. ఏడాది కాగానే చించేస్తాను. పి.పి.ఓ., ఇంటి దస్తావేజుల నకళ్ళు ఆర్.డిస్. ఏ.టి.ఎం. రహస్య సంఖ్య మాత్రం ఈ ఫైలులో రాయకూడదు.

ఇవన్నీ ఫోనులోనే పెట్టుకోవచ్చు కదా అంటాడు మా అబ్బాయి. పెట్టుకోవచ్చు. నాతోపాటు ఉద్యోగంలో చేరిన మిత్రుడొకరు అలాగే పెట్టుకున్నారు. ఆయన 2022లో గుండెపోటుతో పోయారు. ఫోను తెరిచే అంకె ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. పి.పి.ఓ. ఎక్కడుందో తెలియదు. చివరికి నకలు సంపాదించేసరికి, అందులో ఆవిడ పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. ఫ్యామిలీ పెన్షను మొదలయ్యేసరికి 11 నెలలు. ఆ 11 నెలలూ ఆవిడ కొడుకుల దగ్గర చేయి చాచి బతికింది. ఆ ఇంటికి రెండుసార్లు వెళ్ళి వచ్చాక నా ఫైలుకు ముందు ఒక కాగితం చేర్చాను. నా పి.పి.ఓ. నంబరు, బ్యాంకు, అన్ని కాగితాల్లోనూ ఆవిడ పేరూ పుట్టిన తేదీ ఒకే విధంగా ఉన్నట్టు సరిచూసిన తేదీ, నేను పోయిన వారంలో ఎక్కడికి ఏ దరఖాస్తు పట్టుకెళ్ళాలి, మన సంఘంలో ఎవరికి ఫోన్ చేయాలి.

రాసి మా ఆవిడ చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని ఆఖరిదాకా చదివింది. చదివి ఏమీ అనలేదు. క్యాలెండరు దగ్గర దారానికి వేలాడుతున్న పెన్సిలు తెచ్చుకుని, కాగితం కింద తన దస్తూరీతో "బీరువా తాళం చెవి కందిపప్పు డబ్బాలో" అని రాసి, ఫైలును ఫ్రిజ్ పక్క మేకుకు తగిలించింది. 54 ఏళ్ళ కాపురంలో ఆ తాళం చెవి ఎక్కడ ఉంటుందో నాకు తెలియడం అదే మొదలు.